సహనం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: నాకు తప్పని తోచిన పనిని తప్పు అంటే సహనం లేదంటున్నారు, ఊరుకుంటే పిరికితనమని నా మనస్సే నిందిస్తోంది. ఈ రెండింటి మధ్య మనిషి నిలబడే చోటు ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే ముందు ‘సహించడం’ అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. నచ్చినదాన్ని ఎవరూ సహించనక్కరలేదు. పట్టించుకోనిదాన్ని సహించామని చెప్పుకోవడం కూడా కుదరదు. ఒక విషయం తప్పని మనస్ఫూర్తిగా నమ్మి, దాన్ని అడ్డుకునే శక్తి ఎంతో కొంత ఉండి కూడా, ఆ శక్తిని ఎదుటివారి మీద ప్రయోగించకుండా ఆగినప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది. అంటే, మీకు అభ్యంతరం ఉంది కాబట్టే సహనం ప్రసక్తి వచ్చింది. ఏ విషయంలోనూ గట్టి అభిప్రాయం లేనివారిని సహనశీలురని మెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది గానీ, నా దృష్టిలో అది ఉదాసీనతకు ఉచితంగా ఇచ్చే బిరుదు.

క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన 12వ శిలాశాసనం ఈ విషయాన్ని చాలా సూక్ష్మంగా చెబుతుంది. ఎవరి నమ్మకాన్ని వారు వదులుకోవాలని ఆ శాసనం కోరదు. మాటను అదుపులో పెట్టుకోవాలని మాత్రమే కోరుతుంది. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడడం, పరుల మతాన్ని తెగడడం తగదనీ, తన మతం మీది భక్తితోనే ఆ పని చేసినా చివరికి తన మతానికే ఎక్కువ హాని జరుగుతుందనీ, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలనీ అందులో ఉంది. ‘ఈ పని తప్పు’ అనడానికీ, ‘నువ్వే తప్పుడు మనిషివి’ అనడానికీ మధ్య ఉన్న దూరమే మీరు వెతుకుతున్న చోటు. మొదటి మాట విన్నవారు జవాబు చెప్పగలరు. రెండో మాట విన్నవారికి తిరిగి తిట్టడమో, లేచి వెళ్లిపోవడమో తప్ప వేరే దారి ఉండదు.

ప్రశ్న: ద్వేషాన్ని ప్రచారం చేసేవారిని కూడా సహించాలా?

జవాబు: తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1945లో ఒక గ్రంథపు పాదసూచికలో ఈ చిక్కును ప్రస్తావించాడు: హద్దులేని సహనం చివరికి సహనాన్నే నాశనం చేస్తుందని ఆయన వాదన. ఈ మాటను ఉదాహరించేవారు చాలామంది ఆ పక్కనే ఉన్న షరతును వదిలేస్తారు. అసహనపు భావాలను వాదనతో, ప్రజాభిప్రాయంతో ఎదుర్కోగలిగినంత కాలం వాటిని అణచివేయడం తెలివితక్కువ పని అనీ, ఆ భావాలు గలవారు వాదనను నిరాకరించి పిడికిళ్లకు పని చెప్పినప్పుడు మాత్రం బలంతో ఆపే హక్కును మనం వదులుకోకూడదనీ ఆయన రాశాడు. కనుక మన అసహ్యం ఎంత తీవ్రమైనదన్నది హద్దుకు కొలమానం కాజాలదు. 1689లో వెలువడిన లేఖలో మత సహనాన్ని అంత బలంగా సమర్థించిన ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ కూడా, నాస్తికుల ప్రమాణాలను నమ్మలేమంటూ వారిని ఆ సహనం వెలుపలే ఉంచాడు. అంతటివాడే గీతను తప్పుచోట గీశాడంటే, మనం గీసుకునే గీతలను కూడా అప్పుడప్పుడు అనుమానించక తప్పదు.

ప్రశ్న: వార్తలు చూస్తుంటే మంచితనం మీద నమ్మకం పోతోంది. విచిత్రమేమిటంటే, ప్రతి విషయంలోనూ నాతో విభేదించే పొరుగింటాయన ఒక అర్ధరాత్రి మా అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: ఒక పాత సంగతి చెబుతాను. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంట్ వర్తకుడు, కాథలిక్ మతంలోకి మారబోతున్న కొడుకును చంపాడన్న ఆరోపణ మీద 1762 మార్చిలో మరణశిక్షకు గురయ్యాడు. పుకారూ, మతద్వేషమూ కలిసి ఆ తీర్పును నడిపించాయి. ఈ వార్త విన్న ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ కూడా మొదట అతడు దోషే అయి ఉండవచ్చనుకున్నాడు. తరువాత విచారించి, తన అభిప్రాయం మార్చుకుని, ఆ కుటుంబం పక్షాన నిలిచాడు. ఆ ప్రొటెస్టెంట్ల మత విశ్వాసాల మీద ఆయనకు పెద్దగా గౌరవం లేదన్నది గుర్తుంచుకోదగిన సంగతి. న్యాయవాదులు వాదనా పత్రాలు రాశారు, కలాస్ భార్య న్యాయం కోసం పారిస్ దాకా వెళ్లింది, 1765 మార్చిలో కలాస్ నిర్దోషి అని ప్రకటించారు. ప్రాణం తిరిగి రాలేదు, పేరు మాత్రం తిరిగి వచ్చింది. ఉరికొయ్యలూ చిత్రహింసలూ నిండిన ఆ సమాజంలోనే, ఓపికగా కాగితాలు తిరగేసి తమ అభిప్రాయాన్ని మార్చుకున్న మనుషులు కూడా ఉన్నారు.

దుర్మార్గం ఒక్క క్షణంలో జరిగే సంఘటన కాబట్టి వార్త అవుతుంది. కలాస్‌కు న్యాయం చేసినలాంటి మంచి పని మూడేళ్లపాటు ముక్కలు ముక్కలుగా సాగుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. మీ పొరుగింటాయన సంగతి కూడా అలాంటిదే. ఆయన అభిప్రాయాలు మీకు రోజూ వినిపిస్తాయి, ఆయన స్వభావం ఒక్క రాత్రి కనిపించింది. ఆ మేలు చేశారు గనుక ఆయన అభిప్రాయాలను ఒప్పుకోవలసిన పనిలేదు, వాదన కొనసాగించండి. ఆ రాత్రి గురించి ఆయనకు కృతజ్ఞతలు చెప్పారో లేదో మీ లేఖలో రాయలేదు. చెప్పకపోతే, రేపటి వాదన మొదలయ్యేలోపు ఆ పని ముగించండి.