లాలన్ ఫకీర్ హిందువా, ముస్లిమా? ఆయన సొంతూరు ఏది?

కచ్చితంగా తేల్చే ఆధారం లేదు. బెంగాల్ బావుల్ (కులమతాలను పట్టించుకోకుండా తత్వాలు పాడే సాధువుల సంప్రదాయం) గాయకుడు లాలన్ 1890 అక్టోబరు 17న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దగ్గరి ఛేవుడియాలో చనిపోయాడు. పుట్టుక మీదే పేచీ అంతా.

ఎక్కువగా వినిపించే కథ ప్రకారం ఆయన కుష్టియా ప్రాంతంలోని భాండారా గ్రామపు కాయస్థుడు, అంటే హిందువు. తీర్థయాత్రలో మశూచి సోకితే తోటివాళ్లు వదిలేసి పోయారట, ఒక ముస్లిం దంపతులు బతికించారట. రెండో వాదన: జెస్సోర్ వైపు హరిశ్‌పూర్‌లో ముస్లిం ఇంట పుట్టాడని. దీనికి ముఖ్య ఆధారం శిష్యుడు దుద్దు షా రాసినట్టు చెప్పే రాతప్రతి. అది నకిలీదని చాలామంది పరిశోధకుల అనుమానం. నాకూ మొదటిదే కాస్త నమ్మదగ్గదిగా అనిపిస్తుంది, అయితే అదీ జనం నోట విన్నదే.

ఆయన పోయాక ‘హితకరి’ పత్రిక వేసిన సంతాప వ్యాసం చూడండి. కాయస్థుడని లోకులు అనుకుంటారని రాస్తూనే, తన గురించి ఆయన ఏమీ చెప్పుకోలేదనీ శిష్యులూ నోరు విప్పలేదనీ ఒప్పుకుంది. సమకాలికులకే దొరకని సంగతి ఇది!

పైగా దాచింది ఆయనే. నీది ఏ కులమని అడిగేవాళ్లకు ఒక పాటలో ఎదురు ప్రశ్న వేశాడు: సున్తీతో మగవాడు ముస్లిం అయితే ఆడదాని మాటేమిటి? జంధ్యం చూసి బ్రాహ్మణుణ్ని గుర్తుపడతారు సరే, బ్రాహ్మణ స్త్రీని దేన్ని చూసి గుర్తుపడతారు? ఇన్నేళ్లుగా వాదించుకుంటున్న రెండు పక్షాలూ ఈ పాటను ఇష్టంగానే పాడుకుంటాయి.