పాకెట్ రేడియోతో విశాఖలో దూరపు మీడియం వేవ్ స్టేషన్లు వినవచ్చా?

మీ ప్రశ్న ఇది: జేబులో పట్టే రేడియో కొన్నారు, ఇల్లు ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, ఏఎంలో, అంటే మీడియం వేవ్‌లో, మన విశాఖ ఆకాశవాణి తప్ప మిగతాదంతా గరగర. విజయవాడ, హైదరాబాద్ వినాలంటే మేడ మీద యాంటెన్నా కట్టాలా, పెద్ద సెట్టు కొనాలా అని. రెండూ అక్కరలేదు. రేడియో పైన ఉన్న లాగుడు పుల్ల ఎఫ్ఎం కోసం, షార్ట్ వేవ్ ఉంటే దాని కోసం. మీడియం వేవ్‌కు అసలు యాంటెన్నా లోపలే ఉంది: తీగ చుట్టిన చిన్న ఫెరైట్ కడ్డీ. కాబట్టి పుల్లను ఎంత లాగినా లాభం లేదు, రేడియోనే తిప్పాలి.

ముందు ఒక సంగతి సరిచూడండి. మీది అంకెలు చూపించే డిజిటల్ సెట్టయితే మీట నొక్కినప్పుడు 530, 540, 550 అని వెళ్తోందా, 531, 540, 549 అని వెళ్తోందా? మొదటిది అమెరికా పద్ధతి, పది కిలోహెర్ట్జ్‌ల మెట్టు. మన దగ్గర మెట్టు తొమ్మిది. దిగుమతి సెట్లు కొన్ని పది మీదే వస్తాయి. అలా ఉంటే 927 మీద ఉన్న విశాఖను 930 దగ్గర వింటారు. దగ్గరి స్టేషన్ కాబట్టి ఎలాగోలా పలుకుతుంది. 738 మీది హైదరాబాద్, 837 మీది విజయవాడ మాత్రం గొంతు నొక్కినట్టు వస్తాయి, లేదా అసలు రావు. మెట్టు మార్చే విధానం సెట్టుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ముల్లు తిరిగే పాతరకం సెట్టయితే ఈ బాధ లేదు.

ఇక గరగర. అది ఆకాశం నుంచి వస్తోందని అనుకుంటాం గానీ ఎక్కువ భాగం మన ఇంట్లోదే. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, వైఫై పెట్టె అడాప్టర్, లిఫ్ట్ మోటారు అన్నీ మీడియం వేవ్ మీద చెత్త పోస్తాయి. రేడియోను బ్యాటరీల మీద ఉంచి ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి వినండి, తేడా మీకే తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో కరెంటు లేని రాత్రుల్లో నా చిన్న సెట్టులో బంగ్లా, ఒడియా, తమిళం, సింహళం వరసగా వినబడ్డాయి. ఊరు అంత దెబ్బతిన్న వేళ దాన్ని సరదా అనడానికి నోరు రాదు. కానీ బ్యాండు అంత శుభ్రంగా ఉండటం నేను ఇంకెప్పుడూ వినలేదు.

పగలు దూరపు స్టేషన్లు ఎందుకు రావో క్లుప్తంగా చెబుతాను. దాదాపు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో వాతావరణంలో ఉండే డి పొర అనే విద్యుదావేశ పొర ఎండ ఉన్నంతసేపూ మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. చీకటి పడగానే ఆ పొర సడలిపోతుంది, తరంగాలు ఇంకా పైన ఉన్న పొరలను తాకి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పగటిపూట మిగిలేది నేలను అంటిపెట్టుకుని పాకే తరంగమే.

ఇక్కడే విశాఖవాసులకు ఒక వరం ఉంది. ఆ పాకే తరంగం మట్టి మీద త్వరగా నీరసిస్తుంది, ఉప్పునీటి మీద చాలా దూరం నిలుస్తుంది. మ్యాపులో చూడండి: గాలి దారిలో హైదరాబాద్ మనకు సుమారు 500 కిలోమీటర్లు, చెన్నై 600. పగటిపూట భీమిలి దగ్గర తడి ఇసుకలో నిలబడితే 720 మీది చెన్నై నాకు వినబడింది, దగ్గరదైన హైదరాబాద్ జాడ లేదు. హైదరాబాద్ దారి అంతా కొండలూ నేలా, చెన్నై దారి దాదాపు మొత్తం సముద్రం. రాత్రిపూట కూడా తక్కువ కోణంలో దిగే దూరపు తరంగాలకు ఎదురుగా నీళ్లుంటే బలం పెరుగుతుంది. మీలాగే చాలామంది కైలాసగిరి ఎక్కితే బాగా వస్తుందా అని అడుగుతారు. ఎఫ్ఎంకైతే ఎత్తు కావాలి, మీడియం వేవ్‌కు నీటి పక్కన ఉండటమే మేలు. ఆర్కే బీచ్‌లో మాత్రం దీపాలూ దుకాణాలూ ఎక్కువ, నా అనుభవంలో అక్కడ గోల తగ్గదు. రుషికొండ దాటాక, లేదా యారాడ వైపు వెళ్లండి.

తిప్పడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, కళ అంతా అందులోనే ఉంది. కడ్డీ పక్క భాగం స్టేషన్ వైపు ఉన్నప్పుడు ధ్వని గట్టిగా ఉంటుంది, కానీ కాస్త అటూ ఇటూ తిప్పినా పెద్ద తేడా రాదు. కడ్డీ కొన సరిగ్గా స్టేషన్ వైపు చూసినప్పుడు మాత్రం ధ్వని ఒక్కసారిగా పడిపోతుంది. అది చాలా సన్నటి చోటు, వేలితో మెల్లగా తిప్పితేనే దొరుకుతుంది. కొత్తవాళ్లు గట్టిగా వచ్చే దిక్కు కోసం వెతుకుతారు, నేను అడ్డొచ్చేదాన్ని చంపే దిక్కు కోసం వెతుకుతాను. మన 927 స్టేషన్ వంద కిలోవాట్లది, ఊళ్లో దాని పక్క అంకెలన్నీ కప్పేస్తుంది. కడ్డీ కొనను దాని ట్రాన్స్‌మిటర్ వైపు పెట్టి దాన్ని అణిచాక 900 మీద కడపను, 882 మీద శ్రీలంకలోని పుత్తళం నుంచి వచ్చే ట్రాన్స్ వరల్డ్ రేడియోను ప్రయత్నించండి. పుత్తళం దారి కూడా చాలావరకు సముద్రమే. అక్కడి ట్రాన్స్‌మిటర్ 400 కిలోవాట్లది, చీకటి పడ్డాక అరచేతి సెట్టుకు కూడా అందుతుంది.

వేళ కూడా ముఖ్యం. సాయంత్రం చీకటి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి ముందు 657 మీది కోల్‌కతా, 693 మీది ఢాకా లేస్తాయి, పడమటివి ఆ తర్వాత. తెల్లవారుజామున దీనికి తిరగేత: తూర్పువి ముందు కరిగిపోతాయి. 1071 మీద రాజ్‌కోట్ కోసం చూసేవారికి ఇది పనికొస్తుంది, అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. కాలాల్లో చలికాలమే మంచిది. వేసవి సాయంత్రాల్లో ఎక్కడో ఉరిమినా బ్యాండంతా పటపటలాడుతుంది.

విన్నది ఏ స్టేషనో తేల్చుకోవడం అనుకున్నంత సులువు కాదు. ఢిల్లీ వార్తలను ఎన్నో కేంద్రాలు ఒకేసారి రిలే చేస్తాయి, అప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రాంతీయ వార్తల వేళ వినండి, భాష పట్టిస్తుంది. తెల్లవారుజామున ప్రసారం మొదలయ్యే సమయం ఇంకా బాగుంటుంది: వాల్టర్ కాఫ్‌మన్ స్వరపరిచిన ఆ సంకేత సంగీతం అయిపోగానే కేంద్రం పేరు చెబుతారు. ఎక్కడైనా కొళాయి విప్పినట్టు ఏకధాటిగా హోరు వస్తే సెట్టు పాడైందని అనుకోకండి, అది డిజిటల్ ప్రసారం కావచ్చు. ఆకాశవాణి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను కొన్నిచోట్ల మూసేస్తోంది కూడా, కాబట్టి నేను చెప్పిన అంకెల్లో ఏదైనా మూగగా ఉంటే తప్పు మీది కాకపోవచ్చు.

పెద్ద సెట్టు మాటకొస్తే, అమెరికాలో 20 ఘనపు అంగుళాలు మించని రేడియోలతోనే వినాలని నియమం పెట్టుకున్న అభిరుచిగాళ్లు ఉన్నారు. ఒకే పెన్సిల్ సెల్లుతో నడిచే సోనీ ఎస్ఆర్ఎఫ్-59తో పసిఫిక్ అవతలి స్టేషన్లు పట్టారు. మీకు ఇంకొంత బలం కావాలంటే డబ్బు పెట్టకుండానే ఒక ఉపాయం ఉంది. అడుగు వెడల్పున్న అట్టపెట్టె చుట్టూ పన్నెండు నుంచి పదిహేను చుట్లు తీగ చుట్టి, రెండు కొనలనూ పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కు (స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) కలపండి. పెట్టె పక్కన రేడియో పెట్టి గ్యాంగ్ తిప్పితే ఒకచోట స్టేషన్ పైకి లేస్తుంది. రెండిటి మధ్య వైరు అక్కరలేదు. చుట్లు సరిపోయాయో లేదో బ్యాండు కింది కొస దగ్గర చూసి ఒకటి రెండు పెంచుకోండి.

బీచ్ నుంచి రాగానే సెట్టును పొడిగుడ్డతో తుడిచి సెల్లులు బయటికి తీసేయండి. మన ఉప్పు గాలికి ముందు తుప్పు పట్టేది లోపలి స్ప్రింగులకే.