పాత అమెరికన్ సాకెట్ సెట్టు కొనే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఊళ్ళో ఒక ఇంటి సామాన్లన్నీ అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో ఇనప పెట్టెతో సహా పాత క్రాఫ్ట్స్‌మన్ సాకెట్ సెట్టు, అంటే నట్లు, బోల్టుల తలల మీద తొడిగి తిప్పే ఉక్కు గొట్టాల సెట్టు, ఒకటి చూశావనీ, కొనవచ్చో లేదో చెప్పమనీ అడిగావు. నువ్వున్న ఒహాయోలో ఒకప్పుడు ఇంటికో మెకానిక్కో, మెషినిస్టో ఉండేవాడు కనుక ఇలాంటి సెట్లు నీకు ఇకముందు కూడా కనబడుతూనే ఉంటాయి. ఈ ఒక్కదాని గురించి అవునో కాదో చెప్పేకంటే, దేన్నైనా నువ్వే చేతిలోకి తీసుకుని తేల్చుకునేలా రాయడం మేలనిపించింది. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో నా ఉద్యోగమంతా ఈ పనిముట్లతోనే గడిచింది, వాటి మీద నాకు గౌరవం ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సెట్టు మంచిదా కాదా అని చూసే ముందు అది నీకు ఎంతవరకు పనికొస్తుందో చూసుకో. పాత అమెరికన్ సెట్లలో సాకెట్లు దాదాపు అన్నీ అంగుళాల కొలతలవి. అమెరికన్ కార్లు కూడా 1970లు, 80లలో క్రమంగా మిల్లీమీటర్లకు మారిపోయాయి కాబట్టి నీ కారు కింద దూరినప్పుడు ఆ సాకెట్లలో చాలా వాటికి పని ఉండదు. 3/4 అంగుళం అంటే 19.05 మి.మీ. కనుక 19 మి.మీ. నట్టుకు అది సరిపోతుంది. కానీ 1/2 అంగుళం 12.7 మి.మీ. మాత్రమే కాబట్టి 13 మి.మీ. బోల్టు తలకు ఎక్కనే ఎక్కదు, అదే 13 మి.మీ. సాకెట్‌ను అర అంగుళం తల మీద పెట్టి తిప్పితే వదులుగా జారి మూలలు అరిగిపోతాయి. అయితే సాకెట్‌ను హ్యాండిల్‌కు తగిలించే చదరపు మొన కొలతలు, అంటే 1/4, 3/8, 1/2 అంగుళం, ప్రపంచమంతటా ఒకటే. యాభై ఏళ్ళనాటి అమెరికన్ రాచెట్‌కు, అంటే ఒక వైపు బిగిసి రెండో వైపు టిక్కుమంటూ వదులుగా తిరిగే హ్యాండిల్‌కు, నిన్న తైవాన్ నుంచి వచ్చిన మిల్లీమీటర్ సాకెట్ చక్కగా తగులుతుంది. నీలాంటి వాడికి పాత సెట్టులో అసలు విలువ రాచెట్‌లోనూ, సాకెట్‌ను లోతుకు అందించే ఎక్స్‌టెన్షన్ రాడ్లలోనూ, బిగుసుకున్న బోల్టులను కదిపే పొడవాటి హ్యాండిల్ బ్రేకర్ బార్‌లోనూ ఉందని నా అభిప్రాయం. 9/32, 7/16 అంగుళాల వంటి మొనలున్న, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి సెట్లు కూడా ఎదురుపడవచ్చు. వాటికి ఈ రోజు ఏ సాకెట్టూ తగలదు కనుక వాటిని సేకరణ చేసేవాళ్ళకు వదిలెయ్యి.

ఇక పేర్ల సంగతి. క్రాఫ్ట్స్‌మన్ అన్నది సియర్స్ దుకాణాల వారు 1927లో కొనుక్కున్న పేరు. సియర్స్ ఆ సాకెట్లను తాను తయారు చేయలేదు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు కంపెనీల చేత చేయించుకుంది. అందువల్ల ఆ పేరు చూసి నాణ్యత ఇదీ అని చెప్పడం కుదరదు, పేరు పక్కనో కిందో ఉండే చిన్న గుర్తును వెతకాలి. ఇంగ్లీషు వి (V) అక్షరానికి అటూ ఇటూ గీతలున్న ముద్ర కనబడితే అది మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మూర్ డ్రాప్ ఫోర్జింగ్ కంపెనీ చేసిన సరుకు. అది నమ్మదగ్గ పని. 2010 తర్వాతి సంవత్సరాల్లో ఈ పేరుతోనే వచ్చిన చేతి పనిముట్లలో ఎక్కువ భాగం చైనా, తైవాన్‌లలో తయారయ్యాయి, 2017లో పేరే స్టాన్లీ బ్లాక్ అండ్ డెక్కర్ అనే మరో పనిముట్ల కంపెనీ చేతికి పోయింది. కాబట్టి పెట్టె మీద ఏమున్నా, ప్రతి సాకెట్ మీద యు.ఎస్.ఎ. అన్న అక్షరాల కోసం చూడు. మరీ పాత వాటి మీద దేశం పేరు అసలు లేకపోవచ్చు, దాన్ని లోపంగా లెక్కపెట్టకు.

విస్కాన్సిన్ రాష్ట్రం కెనోషాలో స్థిరపడిన పనిముట్ల కంపెనీ స్నాప్-ఆన్ పేరు అందరికీ తెలుసు, ధర కూడా అలాగే ఉంటుంది. ఆ కంపెనీ వాళ్ళు ఏటా మారే ఒక చిన్న గుర్తును పనిముట్టు మీద కొడుతూ వచ్చారు కనుక వాటి వయసు పోల్చుకోవడం తేలిక. అయితే నీకు నేను ఇష్టంగా సూచించేవి ఇప్పటి కుర్రవాళ్ళకు అంతగా తెలియని పేర్లు: ప్రోటో, విలియమ్స్, బోనీ, ఆర్మ్‌స్ట్రాంగ్, ఎస్-కె, ఇంకా మీ ఒహాయోలోనే బార్బర్టన్‌లో పనిచేస్తున్న రైట్. ఇవి ఇంటివాళ్ళ కోసం కాకుండా ఫ్యాక్టరీల కోసం, రైల్వేల కోసం చేసినవి. మెరుపు కొంచెం తక్కువగా ఉన్నా ఉక్కులో రాజీ ఉండదు, పేరు తెలియనివాళ్ళు అమ్మేటప్పుడు చవగ్గానూ వస్తాయి. లాస్ ఏంజెలెస్‌లోని ప్లాంబ్ కంపెనీ, దాదాపు అలాగే పలికే పేరున్న మరో కంపెనీతో వ్యాజ్యం వల్ల 1948లో తన పనిముట్ల పేరును ప్రోటోగా మార్చుకుంది కాబట్టి ప్లాంబ్ అన్న ముద్ర కనబడితే ఆ సాకెట్ అంతకు ముందటి నమూనాది.

వయసు తేల్చడానికి పేటెంట్ సంఖ్య కూడా సాయపడుతుంది. అమెరికా పేటెంట్లు 1935లో ఇరవై లక్షలకు, 1961లో ముప్పై లక్షలకు చేరాయి. ఆ సంఖ్యను బట్టి పనిముట్టు ఎప్పటికంటే పాతది కాదో తెలుస్తుంది. రాచెట్ వీపు మధ్యలో, నొక్కితే సాకెట్‌ను వదిలించే బొత్తం ఉంటే అది 1960ల మధ్య నుంచి వచ్చిన రకం. సియర్స్‌లో పనిచేసే పీటర్ రాబర్ట్స్ అనే కుర్రవాడు కనిపెట్టిన ఆ ఏర్పాటుకు 1965లో పేటెంట్ వచ్చింది. పెట్టె మీది చిరునామాలో అయిదంకెల పిన్‌కోడ్ వంటి సంఖ్య ఉంటే అది 1963 తర్వాతిది.

కానీ గుర్తులు పుట్టుక చెబుతాయి గానీ ఆ తర్వాత దాన్ని ఎలా వాడారో చెప్పవు. అది తెలియాలంటే సాకెట్ లోపలికి చూడాలి, ఇక్కడే నువ్వు ఎక్కువ సమయం పెట్టాలి. టార్చి వేసి ఒక్కో సాకెట్ నోటిలోకి చూడు. మంచి సాకెట్‌లో లోపలి పలకలు నోటి నుంచి అడుగు దాకా ఒకే తీరున తిన్నగా, మూలలు పదునుగా ఉంటాయి. ఎక్కువ పని చేసి అలసినదైతే నోటి దగ్గర పలకలు గుండ్రంగా అరిగి, నోరు కొద్దిగా వెడల్పై ఉంటుంది. కంటికి తెలియని అరుగుదల చేతికి తెలుస్తుంది కాబట్టి హార్డ్‌వేర్ దుకాణంలో కొత్త బోల్టులు మూడు కొని జేబులో వేసుకుని వెళ్ళు. బోల్టు కొలత దాని కాడ మందానిది, సాకెట్ కొలత తల వెడల్పుది: 1/4 అంగుళం బోల్టు తల 7/16 సాకెట్‌కు, 5/16 బోల్టు తల 1/2 సాకెట్‌కు, 3/8 బోల్టు తల 9/16 సాకెట్‌కు సరిపోతాయి. ఎక్కువగా వాడే సాకెట్లు ఇవే కాబట్టి ముందుగా అరిగేవీ ఇవే. బోల్టు తలను సాకెట్‌లో పెట్టి అటూ ఇటూ తిప్పి ఎంత ఊగుతుందో గమనించు. రెండు మూడు సెట్లలో ఇలా చూస్తే ఎంత ఊగడం సహజమో, ఎంతైతే అరుగుదలో నీ వేళ్ళకే అలవాటవుతుంది.

పగుళ్ళు మాత్రం బేరానికి పనికొచ్చే లోపం కాదు. సాకెట్ గోడ పలచగా ఉండే మూలల దగ్గర, వెనక చదరపు రంధ్రం మూలల దగ్గర వెంట్రుక సన్నని గీత ఏదైనా ఉందేమో చూడు. అనుమానం వస్తే ఒక చుక్క నూనె రాసి తుడిచెయ్యి, పగులు ఉంటే లోపల దాగిన నూనె కాసేపటికి సన్నని గీతగా పైకి వస్తుంది. అలాంటి సాకెట్‌ను ఎంత పేరున్నదైనా చేత్తో ముట్టకు. బలంగా లాగుతున్నప్పుడు అది విరిగితే నీ చెయ్యి నేరుగా ఇంజన్‌కు కొట్టుకుంటుంది.

పాత సెట్లలో పన్నెండు మూలల సాకెట్లు ఎక్కువగా ఉంటాయి. ఇరుకు చోట త్వరగా తగులుతాయి గనుక అప్పట్లో అవి అందరికీ నచ్చేవి. కానీ తుప్పు పట్టిన బోల్టు మీద వాటి ఒత్తిడంతా మూలల మీదే పడుతుంది. 1960లలో స్నాప్-ఆన్ ఫ్లాంక్ డ్రైవ్ పేరుతో, బలం మూలకు కాస్త పక్కగా పలక మీద పడేలా సాకెట్ లోపలి ఆకారాన్ని మార్చింది. అది నిజంగా మేలైన మార్పు, తర్వాత చాలామంది ఆ దారినే నడిచారు. నీ ఊళ్ళో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి కారు అడుగు భాగం బోల్టుల కోసం ఆరు మూలల సాకెట్లు విడిగా కొనుక్కో.

రాచెట్ దగ్గరికి వద్దాం. మొనను వేళ్ళతో రెండు వైపులా నిదానంగా తిప్పి చూడు. టిక్కు టిక్కుమనే చప్పుడు ఒకే తీరుగా రావాలి, మధ్యలో ఒక పన్ను జారినట్టు అనిపిస్తే లోపలి పళ్ళ చక్రమో, దాన్ని పట్టి ఆపే నాలుకో అరిగిందన్నమాట. తిరిగే దిశను మార్చే మీట బిగుసుకుపోయి కదలకపోవడం మాత్రం చాలాసార్లు గడ్డకట్టిన పాత గ్రీజు వల్లే, విప్పి కిరోసిన్‌తో కడిగితే సరవుతుంది. పాత రాచెట్‌లో పళ్ళు తక్కువగా ఉంటే నిరుత్సాహపడకు. 24 పళ్ళున్నది 15 డిగ్రీలకు ఒకసారి, 72 పళ్ళున్నది 5 డిగ్రీలకు ఒకసారి పట్టుకుంటుంది. ఇరుకులో రెండోది సుఖం, కానీ మొదటిదాని పళ్ళు పెద్దవి గనుక గట్టి పనికి తట్టుకుంటుంది. తర్వాత చదరపు మొనను కంటికి ఎదురుగా పట్టి అంచుల వెంట చూడు. నాలుగు అంచులూ తిన్నగా ఉండకుండా మెలితిరిగినట్టు ఉంటే ఎవరో హ్యాండిల్‌కు పైపు తొడిగి లాగారని అర్థం. మొనలోని చిన్న గుండు నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. ఎక్స్‌టెన్షన్ రాడ్లనూ ఇలాగే చూడు.

పూత విషయంలో ఒకటి రెండు హెచ్చరికలు ఉన్నాయి. పొరలు పొరలుగా లేస్తున్న క్రోమ్ వేళ్ళలో గుచ్చుకుంటుంది, దాన్ని బాగు చేయలేము. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో క్రోమియం, నికెల్ వాడకం మీద ఆంక్షలు ఉండడం వల్ల పూత లేకుండానో, కాడ్మియం పూతతోనో సెట్లు వచ్చాయి. ఉక్కు మంచిదే, కానీ కాడ్మియం విషం కాబట్టి ఆ మాసిన బూడిద రంగు పూతను గరుకు కాగితంతో రుద్దవద్దు, గ్రైండర్ పెట్టవద్దు. అక్షరాలు కరిగిపోయినట్టు మసకగా ఉండి వస్తువు అద్దంలా మెరుస్తుంటే అమ్మేవాడు బఫ్ చేశాడని, అంటే పై పొరను రుద్ది మెరుగు పెట్టాడని గుర్తించు. పాత యజమాని తన పేరు అక్షరాలు చెక్కుకుని ఉంటే మాత్రం సంకోచించకు, అది పనివాడి సొత్తు అని అర్థం.

చివరగా బేరం. సాకెట్లన్నీ వరసగా పెట్టి అక్షరాల తీరు, మెరుపు, చుట్టూ ఉన్న గరుకు పట్టీ ఒకేలా ఉన్నాయో లేదో చూస్తే కలగాపులగపు సెట్టు వెంటనే తెలిసిపోతుంది. అలాంటిది పనికి రాదని కాదు, పూర్తి సెట్టు ధర ఇవ్వనక్కర్లేదు అంతే. నువ్వు చూసిన దాంట్లో వి గుర్తు ఉండి, రాచెట్ రెండు వైపులా శుభ్రంగా తిరిగి, ఆ మూడు సాకెట్లు బోల్టు పరీక్షకు నిలిస్తే రెండు మూడు సాకెట్లు లేకపోయినా కొనెయ్యి. రాచెట్ బాగాలేకపోతే అది లేదన్నట్టుగానే ధర అడుగు. చక్రాల నట్లు విప్పే ఎయిర్ గన్‌కు మాత్రం ఈ క్రోమ్ సాకెట్లను ఎప్పుడూ తగిలించకు, దానికి మందపాటి గోడలున్న నల్లని ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉన్నాయి.

కొన్నాక రాచెట్ విప్పే ముందు లోపలి భాగాల ఫోటో తీసి పంపు, స్ప్రింగు ఎటు కూర్చోవాలో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య