ఆదివారం కాల్ అయ్యాక నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. వయసు 33. బీటెక్ చేసి తొమ్మిదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. కాలేజీలో ఒకే గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు టొరంటో, మెల్‌బోర్న్, డాలస్ వెళ్లిపోయారు. ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్. గంటసేపు ఊరి కబుర్లయ్యాక చివరికి "నువ్వెప్పుడు రా?" అంటారు. ఊరికెళ్తే వాళ్ల అమ్మానాన్నలకు మందులు ఇచ్చొచ్చేది కూడా నేనే. కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాస అనుమతికి) ఒక కన్సల్టెన్సీ లక్షా ఎనభై వేలు అడుగుతోంది. 34 నిండితే అవకాశం పోతుందట. నా భార్యకు 29 ఏళ్లు. బీఎస్సీ, బీఈడీ చేసి నాలుగేళ్లుగా ఇక్కడ స్కూల్లో టీచరుగా ఉంది. తనకింకా చెప్పలేదు. డబ్బు కట్టేయనా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముగ్గురు మిత్రులతో వారం వారం నలుగుతున్న సంగతి మీ ఇంట్లో మనిషికి ఇంకా తెలియదు. అసలు చిక్కు అక్కడుంది. ముందు ఆ కన్సల్టెన్సీవాళ్లు పెట్టిన భయం సంగతి చూద్దాం.

కెనడా ప్రభుత్వం పాయింట్లు లెక్కేసి, ఎక్కువ వచ్చినవాళ్లను పీఆర్‌కి పిలిచే పద్ధతి పేరు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. అందులో జంటగా వెళ్లేవాళ్లకు వయసు కింద 33కి 80 పాయింట్లు, 34కి 75. నలభై వరకూ ఏటా తగ్గేది ఐదే. ఇంగ్లీషు సంగతి వేరు. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ అనే ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ 7.5, మిగతా మూడూ 6.5 వచ్చిన మీలాంటివాళ్లు తలా అర బ్యాండ్ పెంచుకుని 8, 7, 7, 7 తెచ్చుకుంటే ఏకంగా 65 పాయింట్లు కలుస్తాయి. చాలామంది రైటింగ్‌లో 6.5 దగ్గరే ఆగిపోతారు, కాబట్టి మూడు నెలల సాధన దాని మీదే పెట్టండి. ఆ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది.

అయితే అదంతా సాధించినా, మీ పేరు మీద దరఖాస్తు పెడితే మొత్తం పాయింట్లు 410 దగ్గర ఆగుతాయి. కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ల విభాగంలోనే 2025లో 500 దాటితే గానీ దరఖాస్తుకు పిలుపు రాలేదు. ఏదైనా ప్రావిన్సు (అక్కడి రాష్ట్రం) నామినేట్ చేస్తే 600 కలుస్తాయి గానీ, అది ఇప్పిస్తామని హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి. ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వ వెబ్‌సైటులో రూపాయి ఖర్చు లేదు. డబ్బు తీసుకుని మీ తరఫున దరఖాస్తు నడిపే హక్కు కెనడా లాయర్లకు, అక్కడి కాలేజీ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ అనే నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్నవాళ్లకు ఉంటుంది. మీతో మాట్లాడిన మనిషి పేరు ఆ సంస్థ రిజిస్టరులో ఉందో లేదో వెతకండి.

ఇప్పుడు మీ ఆవిడ లెక్క చూడండి. 29 ఏళ్లకు 100 పాయింట్లు. ఆమె చదువు రెండు డిగ్రీలుగా లెక్కకొచ్చి, ఇద్దరికీ ఇంగ్లీషులో పైన చెప్పిన స్కోరు వస్తే, ఆమె పేరు మీద మొత్తం 460 దాటుతుంది. 2025లో ఉపాధ్యాయులకు ప్రత్యేక విభాగం పెట్టారు. ఆ ఏడాది అందులో కటాఫ్ కూడా 460 పైనే. అంటే ఆమెది అంచు మీద ఉన్న అవకాశం, మీదానికన్నా చాలా దగ్గరది. విభాగాల జాబితా మారుతూ ఉంటుంది, దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి. పైగా అక్కడి బడిలో పాఠం చెప్పాలంటే ఆ ప్రావిన్సు లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. వెళ్లగానే ఉద్యోగం ఉంటుందని ఆమెకు చెప్పకండి.

అలాగని "నీకే పాయింట్లెక్కువ, పరీక్ష రాయి" అంటూ మొదలుపెట్టకండి. అలా అంటే ఆమెకు తన పాయింట్లే కావాల్సి వచ్చాయనిపిస్తుంది. కాల్ అయిన రాత్రి కాకుండా, శనివారం పొద్దున టిఫిన్లయ్యాక కూర్చోండి. "ఆదివారం కాల్ అయ్యాక నాకు నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెట్టండి. తన ఉద్యోగం, తన అమ్మానాన్నలు, పిల్లల ఆలోచన గురించి ఆమె ఏమనుకుంటుందో వినండి. ఆ రోజే జవాబు అడగొద్దు. ఆమె వద్దంటే ఈ దారి ఇక్కడితో ఆగిపోతుంది. అందుకే డబ్బు కట్టకముందు అడగమంటున్నాను.

మిత్రులతో గుంపులో కాక విడివిడిగా మాట్లాడండి. నలుగురున్నచోట ఎవరైనా మంచే చెబుతారు. మొదటి ఉద్యోగం ఎన్ని నెలలకు వచ్చింది? జీతంలో అద్దెకు ఎంత పోతోంది? ఇంట్లో ఒంట్లో బాగాలేకపోతే ఎన్ని రోజులకు రాగలిగారు? డాలస్ మిత్రుడు హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉంటే గ్రీన్‌కార్డు వరుస గురించి కూడా అడగండి. ఏటా ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్లకు అది ఏళ్లకేళ్లు సాగుతోంది. వాళ్లు గంటసేపు మదనపల్లె టమాటా ధరల గురించి ఎందుకు మాట్లాడుతున్నారో అప్పుడు మీకే తెలుస్తుంది.

వాళ్ల పెద్దవాళ్లకు మీరు చేస్తున్నది చిన్న సాయం కాదు. రేపు మీరు వెళితే మీ అమ్మానాన్నలకు ఆ పని చేసేదెవరు? ఒక మనిషి పేరు కాగితం మీద రాయండి. పీఆర్ వచ్చాక, అక్కడ స్థిరపడ్డవాళ్ల తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద మీ అమ్మానాన్నలు ఒక్కో రాకకు ఐదేళ్ల దాకా ఉండొచ్చు. దానికి కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి.

ఇద్దరూ సరేనంటే కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. మనవాళ్ల దరఖాస్తులు పేర్ల దగ్గరే చిక్కుకుంటాయి: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. రెండోది అనుభవ పత్రం. హెచ్‌ఆర్ ఇచ్చే రిలీవింగ్ లెటర్ సరిపోదు. చేసిన పనులు, వారానికి గంటలు, జీతం, తేదీలు లెటర్‌హెడ్ మీద ఉండాలి. మీ ఆవిడకు స్కూలువాళ్లు జీతం చేతికిస్తుంటే ఈ నెల నుంచే బ్యాంకులో వేయమనండి. పిలుపు వచ్చాక ఇచ్చే గడువు 60 రోజులే.

ఈలోగా మూడు వారాలు ఆదివారం కాల్‌ని పొద్దుటికి మార్చుకోండి. అప్పటికీ నిద్ర రాకపోతే, లేదా ఆ దిగులు మిగతా రోజులకూ పాకితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.