చలికి వేళ్లు ఎందుకు మొద్దుబారుతాయి? ఆహారం కాపాడుతుందా?

పుష్యమాసపు తెల్లవారుజామున సీతంపేట కొండల్లో పనికి వెళ్లేవారికి వేళ్లు ఎందుకు మొద్దుబారుతాయని, తిండితో దాన్ని ఆపవచ్చా అని అడిగారు.

వేళ్ల స్పర్శను సంకేతాలుగా మెదడుకు చేర్చేవి నాడులు (నరాలు). సోడియం అయాన్లు (విద్యుదావేశం గల సోడియం కణాలు) నాడి పొరలోని సన్నని ద్వారాల గుండా లోపలికి వస్తేనే సంకేతం ముందుకు సాగుతుంది. చల్లదనంలో ఆ ద్వారాలు నెమ్మదిగా తెరుచుకుని నెమ్మదిగా మూసుకుంటాయి కనుక, మామూలుగా సెకనుకు 50 నుంచి 60 మీటర్లు ఉండే సంకేత వేగం, చేతి ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ సుమారు 2 మీటర్ల చొప్పున పడిపోతుంది. నాడి 10 డిగ్రీల దరిదాపులకు చల్లబడితే సంకేతం దాదాపు నిలిచిపోతుంది. శరీరం లోపలి వేడే 35 డిగ్రీల కంటే తగ్గడం మాత్రం ప్రాణాపాయం: మాట తడబడుతుంది, మగత కమ్ముతుంది. అప్పుడు వణుకు ఆగితే తేరుకున్నారని పొరబడకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఈ మందగమనాన్ని ఏ ఆహారమూ ఆపలేదు, వెచ్చదనమే ఆపుతుంది. అయితే, వణికి వేడి పుట్టించడానికి కడుపులో తిండి ఉండాలి, నాడులు ముందే బలహీనపడి ఉండకూడదు. బి1 విటమిన్ లోపంతో నాడులను దెబ్బతీసే బెరిబెరి 19వ శతాబ్దంలో మన ఉత్తర సర్కారుల (నేటి కోస్తాంధ్ర, దక్షిణ ఒడిశా) తీరంలోనే ప్రబలి ఉండేది. బియ్యానికి పాలిష్ పట్టించినా, గంజి వార్చి పారబోసినా ఆ విటమిన్ పోతుంది. దంపుడు బియ్యం, ఉలవలు, చోడి (రాగి) అంబలి దాన్ని అందిస్తాయి. బి12 కోసం పాలు, గుడ్లు, చేపలు అవసరం. ఎండాకాలంలోనూ తిమ్మిరి వదలకపోతే మధుమేహానికి, బి12కు రక్తపరీక్ష చేయించుకోండి.