పెట్రోలు ధర దించడం మన చేతిలో ఉందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పెట్రోలు గురించే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ‘ఫలానా ఆదివారం ఎవరూ పెట్రోలు కొట్టించొద్దు, కంపెనీలు దిగొస్తాయి’ అని మా వాట్సాప్ గ్రూపులో తిప్పుతున్నారు. అందరం గట్టిగా నిలబడితే తగ్గుతుందా అండీ? (ఒక పాఠకుడు, కావలి)

తగ్గదు. ఆదివారం మానేసేవాళ్లు శనివారం సాయంత్రమే ట్యాంకు నింపుకుంటారు, లేదా సోమవారం పొద్దున బంకు ముందు వరస కడతారు. వారం మొత్తం మీద కాలే లీటర్లు అవే. దెబ్బ తగిలితే బంకాయనకే తగలాలి. ఆయన కమీషన్ లీటరుకు రమారమి 4 రూపాయలు, కుర్రాళ్ల జీతాలూ కరెంటు బిల్లూ అందులోనే. ధర వేసేది ఆయన కాదు. ఒక్క కంపెనీనే వెలివేద్దామన్నా ఫలితం ఉండదు, ప్రభుత్వ కంపెనీలు ఒకదాని డిపోలోంచి ఇంకొకటి సరుకు ఎత్తుకుంటూనే ఉంటాయి. పైగా మనం వాడే క్రూడులో, అంటే ముడి చమురులో, 85 శాతానికి పైగా దిగుమతే. ప్రపంచం రోజుకు 10 కోట్ల బ్యారెళ్ల దాకా తాగుతోంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఒక పూట మానేస్తే ఆ లెక్కలో చుక్క కూడా కదలదు.

ప్రశ్న: క్రూడు పెరిగిందని ధర పెంచుతారు. తగ్గినప్పుడు మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఏంది సార్ ఈ లెక్క? (ఆటో డ్రైవరు, కందుకూరు)

ముందు పెరిగే లెక్క చూడండి. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే, బ్యారెల్‌కు ఒక్క డాలరు పెరిగినా లీటరు మీద 57 పైసలు పడుతుంది. దాని మీద మన రాష్ట్రం 31 శాతం వ్యాట్ వేస్తుంది గనక మీ జేబులోంచి పోయేది 74 పైసలు. క్రూడు కదలకుండా రూపాయి పడిపోయినా అంతే. బ్యారెల్ 70 డాలర్ల దగ్గరే ఉండి డాలరు 85 నుంచి 90 రూపాయలకు పోతే, వ్యాట్‌తో కలిపి లీటరుకు 2 రూపాయల 88 పైసల బరువు.

ఇక తగ్గే లెక్క. 2020లో కరోనా దెబ్బకు క్రూడు కుప్పకూలింది. అమెరికాలో ఒక రకం క్రూడు ఏప్రిల్ 20న సున్నా కిందికే పోయింది. అదే అదనుగా కేంద్రం లీటరు పెట్రోలుపై ఎక్సైజ్ సుంకాన్ని మార్చిలో 3, మేలో 10 రూపాయలు పెంచి 32.98కి చేర్చింది. దిగిన లాభం బంకు దాకా రాకుండా ఖజానా దగ్గరే ఆగిపోయింది. ఆ సుంకంలో 5 రూపాయలు 2021 నవంబరులో, 8 రూపాయలు 2022 మేలో తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2 రూపాయలు పెంచినా బంకు ధర మారలేదు. అప్పటికి క్రూడు దిగి ఉంది, సర్దేశారు.

కంపెనీల సంగతి వేరు. రోజూ ఉదయం 6 గంటలకు ధర మార్చే పద్ధతి 2017 జూన్ 16న దేశమంతా వచ్చింది. 2022 ఏప్రిల్ తర్వాత దాన్ని దాదాపు రెండేళ్లు తొక్కిపెట్టారు. క్రూడు మండినప్పుడు నష్టానికి అమ్మి, దిగినప్పుడు ఆ నష్టం పూడ్చుకున్నారు. 2024 మార్చిలో 2 రూపాయలు తగ్గించారు. కాబట్టి మీ ఫిర్యాదు న్యాయమైనదే. అడగాల్సింది మాత్రం బంకు దగ్గర కాదు, పన్ను వేసే చోట.

ప్రశ్న: తమిళనాడులో చవకంట గదా, తడ దాటి కొట్టించుకుంటే గిట్టుబాటవుతుందా? (నెల్లూరు)

ఆంధ్రలో పెట్రోలుకు 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో 13 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 11 రూపాయల 52 పైసలు. రాష్ట్ర పన్నుకు ముందు లీటరు 80 రూపాయలనుకుంటే ఇక్కడ 109.80, అక్కడ 101.92. తేడా దాదాపు 8 రూపాయలు.

బైకు ట్యాంకు పది లీటర్లయితే మిగిలేది 80 రూపాయలు. నెల్లూరు నుంచి రానూపోనూ 200 కిలోమీటర్లు పైమాటే, 4 లీటర్లు కాలిపోతాయి. అందుకోసమే వెళ్లడం దండగ. ఎలాగూ చెన్నై వెళ్లే కారైతే ట్యాంకు అడుగంటా తెచ్చుకుని సరిహద్దు అవతలి ఆరంబాక్కం దాటాక నింపుకోండి. చీమకుర్తి నుంచి రాయి తోలే లారీలకు డీజిల్‌లో లీటరుకు 4 రూపాయల దాకా కలిసొస్తుంది. 300 లీటర్లకు 1200, ఒక ట్రిప్పు భోజనాలూ టోలులో కొంతా గడిచిపోతాయి. క్యాన్లలో పట్టుకురావడం మాత్రం వద్దు. ఎండలో ఆవిరి ఉబ్బి మూత ఎగిరితే చిన్న నిప్పురవ్వ చాలు.

ప్రశ్న: బంకులో కొలత తక్కువని అనుమానం. వంద బదులు 105కు కొట్టిస్తే మోసం ఉండదంటారు, నిజమా? (ఒంగోలు)

మిషనుకు వందైనా, 105 అయినా ఒకటే. అనుమానం తీరాలంటే 5 లీటర్ల కొలపాత్ర అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులో ఉండాలి, అడిగినవాళ్లకు కొలిచి చూపాలి. పొడి పాత్రయితే ఒకసారి పెట్రోలుతో తడిపి వంచేయమనండి, లేకుంటే గోడలకు అంటుకున్నది తరుగుగా కనిపిస్తుంది. సమంగా ఉన్న చోట పెట్టి, మీటరు సున్నా చూసుకుని 5 లీటర్లు కొట్టించాలి. 25 మిల్లీలీటర్ల దాకా అటూఇటూ ఒప్పుకుంటారు. అంతకు మించి తగ్గితే ఆ గన్నుతో అమ్మకం ఆపాలి. ఫిర్యాదుల పుస్తకంలో రాసి, తూనికల శాఖకూ చెప్పండి.

తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువొస్తుందన్నది కూడా ఉత్తదే. భూమిలోపలి ట్యాంకులో పగటికీ రాత్రికీ వేడి పెద్దగా మారదు. ఒక డిగ్రీ తేడాకు 5 లీటర్లలో 6 మిల్లీలీటర్లు, అంతే.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక నా పాత బైకు మైలేజీ 50 నుంచి 40కి పడింది. ఏం చేయాలి? (పొదిలి)

ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అయిదో వంతు కలిపితే అసలు పెట్రోలుతో పోల్చినా మైలేజీ 7 శాతానికి మించి పడకూడదు. అంటే 50కి 46 అయినా రావాలి. మిగతా తగ్గుదల బైకులోనే వెతకాలి.

మెయిన్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. వదిలేయగానే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోంది. చైను మధ్యలో వేలితో ఎత్తితే 2 నుంచి 3 సెంటీమీటర్లు ఆడాలి, బిగిసినా వదులైనా నష్టమే. క్లచ్ లివరుకు కాస్త ఖాళీ ఆట లేకపోతే ప్లేట్లు జారి ఇంజను ఊరికే అరుస్తుంది. మీ వైపు దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు మాన్యువల్‌లో రాసిన దానికంటే ముందే పూడిపోతుంది. టైరు గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్పీడు 45, 55 మధ్య ఉంచితే కాలేది తక్కువ.

వానాకాలంలో ఇంకో సంగతి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. ట్యాంకు మూత రబ్బరు చీలి వాన నీరు దిగితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి. బండి స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. అలాంటప్పుడు కిక్కు కొట్టుకుంటూ కూర్చోకుండా ట్యాంకు మొత్తం దించి కడిగించండి, రబ్బరు మార్చాకే మళ్లీ పెట్రోలు పోయండి.