యుద్ధం ఆగిన దేశాల్లో ఉద్యోగమా? ముందు చేతికో పని రావాలి

చండూరు దగ్గరి బత్తాయి రైతు ఒకాయన ఇట్ల రాశారు: "మా బిడ్డ నల్లగొండల బీఏ ఫైనలియర్. గ్రూప్-2 కోచింగ్‌కని పైసలు జమచేసి పెట్టిన. ఇప్పుడేమో యుద్ధాలు అయిపోయిన దేశాలల్ల శాంతి పని చేస్త, ఐక్యరాజ్యసమితిల ఉద్యోగం కొడత అంటుంది. అసలు అదొక ఉద్యోగమేనా సార్? జీతం ఎవరిస్తరు? ఆడపిల్లను అసొంటి తావుకు ఎట్ల పంపాలె?"

అన్నా, ఉద్యోగమే. అయితే అమ్మాయి అనుకుంటున్నంత సాఫీగా దొరకదు.

ముందు ఒక తికమక తీరాలి. టీవీలో నీలం టోపీలతో కనిపించేవాళ్లు శాంతి పరిరక్షక దళాలు. వాళ్లను ఆయా దేశాల సైన్యం, పోలీసు శాఖలే పంపుతాయి. డిగ్రీ కాగితం పెట్టి దరఖాస్తు చేస్తే అందులోకి పోలేం. (అందరూ ఆడవాళ్లే ఉన్న తొలి పోలీసు దళం 2007లో లైబీరియా వెళ్లింది, అది మన దేశానిదే. అమ్మాయికి ఖాకీ మీద మనసుంటే అదో దారి.) మీ బిడ్డ చెప్పేది ఆ తర్వాతి పని గురించి. తుపాకులు ఆగినంక ఊరు మళ్లీ ఊరు కావాలంటే చేయాల్సిన పని.

అదేమిటో మీ జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? 1946 నుంచి 1951 దాకా నల్లగొండలో సాయుధ పోరాటం నడిచింది వెట్టి మీద, భూమి మీద. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లికి వస్తే అక్కడి దళిత కుటుంబాలు 80 ఎకరాల భూమి అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం భూముల్లో ఎన్ని పేదల చేతికి నిజంగా అందాయన్నది వేరే లెక్క, ఆ తగాదాలు ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి. కొలంబియాలో ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ 2016లో కుదిరిన ఒప్పందం తెరిచి చూడండి, మొదటి అంశమే గ్రామీణ సంస్కరణ, భూమి. ప్రాణభయంతో పారిపోయిన రైతు పదేళ్లకు తిరిగొస్తాడు. అతని చెలకలో ఇంకెవరో పంట వేసుకొని ఉంటారు. కాగితం కాలిపోయి ఉంటుంది, సాక్షి చచ్చిపోయి ఉంటాడు. పాసుబుక్కులో సర్వే నంబరు తప్పు పడితేనే మనం తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతం. అక్కడ తిరగడానికి ఆఫీసు కూడా మిగలదు.

మందుపాతరల సంగతి ఇంకా మొండిది. మొజాంబిక్‌లో శాంతి ఒప్పందం 1992లో కుదిరింది. దేశంలో మందుపాతరలు లేవని ప్రకటించుకోగలిగింది 2015లో. శ్రీలంక ఉత్తరాన 2009లో యుద్ధం ముగిశాక, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు కూడా మోకాళ్ల మీద కూర్చొని అంగుళం అంగుళం మట్టి తీసే ఆ పనిలో చేరారు. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం ముగిసిన 2002 నాటికి 70 వేలకు పైగా మంది ఆయుధాలు అప్పగించారు. తుపాకీ తీసుకోవడం ఒకపూట పని. చిన్నప్పుడే దాన్ని పట్టిన పిల్లగానికి రేపు పొద్దున ఏం పని చూపిస్తారు, వాణ్ని వాని ఊరు రానిస్తదా అన్నది ఏళ్ల తరబడి సాగే పని.

ఇవన్నీ చేసేది ఎవరు? సర్వేయర్లు, వకీళ్లు, నర్సులు, నీళ్ల ఇంజనీర్లు, లెక్కలు రాసేవాళ్లు. నీళ్లంటే గుర్తొచ్చింది: పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారు చేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియాల్లోనూ వాడి చూశారు. మీ జిల్లా పేరు మీ బిడ్డకంటే ముందే అక్కడికి చేరింది.

అందుకే, శాంతి అధ్యయనాల ఎంఏకు ఇప్పుడే ఉరకొద్దని నా సలహా. ఢిల్లీలో జామియా మిలియాలోని నెల్సన్ మండేలా కేంద్రంలో ఆ కోర్సు ఉంది, మంచిదే. కానీ ఆ పట్టా ఒక్కటే పట్టుకున్నవాళ్లు "ఇప్పుడేం చేయాలి సార్" అని మళ్లీ నా దగ్గరికే వస్తున్నారు. బీఏ పిల్ల కాబట్టి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమనండి, భూమి చట్టాలు గట్టిగా పట్టమనండి. దాంతోపాటు ఫ్రెంచి. కాంగో, మధ్య ఆఫ్రికా గణతంత్రం లాంటి చోట్ల ఫ్రెంచి రానివాళ్లకు దారులు సగం మూసుకుపోతాయి. హైదరాబాద్‌లో విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడి, రాయగలిగే మెట్టు) పరీక్ష పాసయ్యేదాకా వదలొద్దు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు ఇక్కడే పని చేయాలి. అచ్చంపేట, మన్ననూరు వైపు చెంచుల అటవీ హక్కుల దరఖాస్తులు, పాలమూరు వలస కూలీల కూలి బకాయిలు... ఇలాంటివాటి మీద పనిచేసే సంస్థలో చేరితే జీతం తక్కువే. కానీ పై దేశం ఇంటర్వ్యూలో అడిగేది ఈ అనుభవం గురించే. గ్రూప్-2 డబ్బు కూడా ఎటూ పోదు. లా చదువుతూ రాయొచ్చు, కొడితే రెవెన్యూలో నేర్చుకునేది ఏ యూనివర్సిటీ నేర్పదు.

పై మెట్లకు: యూఎన్ వాలంటీర్లుగా చేరొచ్చు, జీతం బదులు బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. రోటరీ పీస్ ఫెలోషిప్ వస్తే బ్రాడ్‌ఫర్డ్, ఉప్సాలా లాంటి చోట మాస్టర్స్ ఖర్చంతా వాళ్లదే, కాకపోతే మూడేళ్ల పని అనుభవం చూపాలి. మన రాష్ట్రంలో అంబేడ్కర్, ఫూలే ఓవర్సీస్ విద్యానిధుల కింద 20 లక్షల దాకా వస్తుంది. ఏ దేశాలకు ఇస్తారో మాత్రం ముందే చూసుకోండి.

జీతం సంగతి దాచను. ఈ దేశాల్లో ఎక్కువ కొలువులు అక్కడి స్థానికులకే పోతాయి, పోవాలి కూడా. బయటివాళ్లకు ఆరునెల్లు, ఏడాది కాంట్రాక్టులే ఎక్కువ. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది, దాని నిధుల మీద నడిచే సంస్థల్లో ఎందరో ఇంటికొచ్చారు. లా పట్టా ముందు అంటున్నది ఇందుకు కూడా.

ఇక మీ భయం. అది ఉత్త భయమని నేననను. 2003 ఆగస్టులో బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. కుటుంబాన్ని వెంట తీసుకుపోకూడని చోట్లంటూ వేరే జాబితా ఉంటుంది, అలాంటి చోట్ల చాలావాటిలో రాత్రిళ్లు బయట తిరగనివ్వరు, మధ్యమధ్య విశ్రాంతికి బయటికి పంపుతారు. ప్రమాదం తక్కువున్న చోట్లూ, ఆఫీసు పనులూ ఉన్నాయి. ఎక్కడికి ఒప్పుకోవాలో తేల్చుకునే నాటికి మీ బిడ్డకు ముప్పై దగ్గర పడతాయి.

ఇంతకంటే దగ్గరి ప్రమాదం ఏజెంట్లు. నిరుడు ఒక తండ్రి, "యూఎన్‌లో సీటు ఖాయం" అన్నవాడికి లక్షన్నర కట్టి నా దగ్గరికొచ్చారు. దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ ఐక్యరాజ్యసమితి రూపాయి కూడా తీసుకోదు. అడిగినవాడు దొంగే.

ఈసారి సెలవులకు తోటకొచ్చినప్పుడు అమ్మాయికి ఒక పని చెప్పండి. మీ ఊళ్లోనే నలుగుతున్న ఒక గట్టు పంచాయితీ కాగితాలు తెచ్చిచ్చి, ఇద్దరి ఇండ్లకూ పోయి మాట్లాడి, ఇద్దరి వాదనా చెరొక పేజీ రాయమనండి. ఆ రెండు పేజీలూ ఆ ఇద్దరికీ చదివి వినిపించాలి. "మా మాట సరిగ్గనే రాసింది" అని ఇద్దరూ ఒప్పుకుంటే, ఆ కాగితాలు తీసుకొని నా దగ్గరికి రమ్మనండి.